తప్పు కట్టించుకోని అయ్యగారు

మా అయ్యగారు పోయారు. గురువారం పొద్దున అంగడి తీసి ఒక రైతుకు మోకు కొలిచి ఇస్తుంటే ఫోన్ మోగింది. సుంకన్న. "అప్పా, అయ్యగారు పాయె" అన్నాడు. ఆ తర్వాత ఏడుపే తప్ప మాట రాలేదు. ఎన్ని మూరలు కొలిచానో మరిచిపోయి మోకు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. రైతు నా ముఖం చూసి, "రేపొచ్చి తీసుకుంటాలేప్పా" అని వెళ్ళిపోయాడు.

ఈ సుంకన్న ఎవరో మన చర్చి సంఘం పత్రిక చదివే పెద్దవాళ్ళకు తెలుసు. తెలియనివాళ్ళకు ముందే చెప్పేస్తే మంచిది. మా అన్నను నరికి చంపిన మనిషి. అట్లాంటి మనిషి నాకు ఫోన్ చేసి ఏడవడం, ఇటువైపు నేనూ ఏడవడం ఎట్లా జరిగిందో చెబితే చాలు, అయ్యగారి గురించి చెప్పినట్టే.

అయ్యగారి సేవలన్నీ ఒక జాబితా రాసివ్వమని కమిటీవాళ్ళు అడిగారు. నాకు రాయడం చేతకాదు. డోన్‌లో ఇనుప సామాన్ల అంగడి నాది. పారలు, గొడ్డళ్ళు, కొడవళ్ళు, మోకులు అమ్ముకునేవాణ్ణి. గిరాకీ వస్తే ఫోన్ పక్కన పెట్టి, పోయాక మళ్ళీ టైపు చేస్తున్నాను. పైగా జాబితా వద్దని ఆయనే చెప్పి పోయారు. ఎందుకు వద్దన్నారో చివర్లో చెప్తాను.

ముప్పై ఏళ్ళకు పైగా మా ఊరి చర్చిలో పాస్టరుగా ఉన్నారు. ఎండకు రంగు పోయిన గొడుగు, టైరు చెప్పులు, ఒక కాడ విరిగితే దారం కట్టుకున్న కళ్ళద్దాలు. రాగి సంగటి, ఊరిమిండి పచ్చడి ఉంటే పండగే. ప్రసంగం మాత్రం పొట్టిగా చెప్పేవారు. "ఎండకు వచ్చినారు, ఎండకు పోవాల, ఇంగ శాలు" అని మధ్యలోనే ఆపేసేవారు. పరీక్షల ముందు ఆడవాళ్ళు పిల్లల హాల్ టిక్కెట్లు తెచ్చి ప్రార్థన చేయమంటే చేసేవారు. చేసి, టిక్కెట్టు తిరిగిచ్చేటప్పుడు పిల్లవాడి చెవి పట్టుకుని, "చదవకుంటే నేనేం చేసేది లేదురా నాయనా" అనేవారు. సంతలో ఆయనకు బేరం తెలియదు. వంకాయలామె ఎంత చెబితే అంత ఇచ్చేవారు. నా బోటి వ్యాపారికి కడుపు మండేది. "సగానికి ఇస్తాది అయ్యగారూ, అడగండి" అంటే, "ఆయమ్మ ఎండలో కూర్చున్నేది సగం కాదు గదప్పా" అనేవారు.

ఇప్పుడు అన్న సంగతి.

మా అన్న ఒక నాయకుడి జీపు తోలేవాడు. ఎవరి మీదా చెయ్యెత్తలేదు. అలాగని అమాయకుడని అనను. ఆ జీపు ఎక్కినవాళ్ళు ఎక్కడికి పోతున్నారో, దిగి ఏం చేస్తారో తెలిసే తోలేవాడు. ఒకరోజు పొద్దున నాపరాళ్ళ గనుల మలుపు దగ్గర జీపు మీద బాంబులు పడ్డాయి. మొదటిదానికి అద్దం పగిలింది. రెండోదానికి అన్న కాలు మోకాలి కిందికి లేకుండా పోయింది. తలుపు తోసుకుని కింద పడి, మోచేతుల మీద పాకుతున్నాడు. అప్పుడు కొడవళ్ళతో వచ్చారు ముగ్గురు. నేను పాల క్యాను వేసుకుని సైకిల్ మీద అటే వస్తున్నాను. నాపరాళ్ళ గుట్ట వెనక పడుకున్నాను. కేక కూడా వేయలేదు. ఇద్దరు వీపు మీదా చేతుల మీదా కొట్టారు. మూడోవాడు సుంకన్న. తుమ్మ మొద్దు నరికేవాడిలా కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులతో ఎత్తి, మెడ మీద ఒక్కటే దెబ్బ వేశాడు. ఆ చప్పుడు ఇప్పటికీ ఎవరైనా నా ముందు కొబ్బరికాయ కొడితే వినబడుతుంది.

పోలీసులకంటే ముందు అయ్యగారు వచ్చారు. ఆయనకంటే ముందు కుక్కలు వచ్చాయి. చొక్కా విప్పి దాంతోనే కుక్కలను అదిలిస్తూ అన్న పక్కన మట్టిలో కూర్చున్నారు. రక్తంలో మునిగి తలకు, భుజానికి మధ్య ఏముందో తెలియకుండా ఉన్న చోట ఆ చొక్కానే కప్పారు. బనీనుతోనే జీపు పక్కన మధ్యాహ్నం దాకా ఉన్నారు.

సమాధి దగ్గర మా వదిన ఆయన ముందుకు వచ్చి నిలబడి అడిగింది.

"మీ దేవుడు అన్నీ ఊరికే ఇస్తాడంటారు గదా అయ్యగారూ. నా మొగున్ని ఊరికే ఎట్ల తీసుకుపాయె?"

అందరం ఆయన నోటివైపు చూశాం. ఏదో బైబిలు వాక్యం చెబుతారని.

"నాకు తెల్దమ్మా" అన్నారు. ఆ తర్వాత ఎన్నో నెలలు వారానికోసారి మా పంచలో వచ్చి కూర్చునేవారు. కూర్చుని, లేచి పోయేవారు.

సుంకన్నకు శిక్ష పడింది. ఏళ్ళు గడిచాయి. అతను బయటికి వచ్చేసరికి అతన్ని వాడుకున్న నాయకుడు చచ్చిపోయాడు, కొడుకులు ఎదుటి వర్గంతో వియ్యమందుకున్నారు. ఎవరికీ సుంకన్న అవసరం లేదు.

మా పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. తప్పు చేసిన మనిషిని రచ్చకట్ట దగ్గర నిలబెడతారు. పెద్దమనుషులు ఇంత తప్పు కట్టమంటారు. పొట్టేలో, ధాన్యమో, ఏదో ఒకటి. కట్టేస్తే అతను మళ్ళీ ఊర్లో మనిషి, ఎవరూ ఎత్తిపొడవకూడదు. సుంకన్న పెద్దమనుషుల దగ్గరికి పోతే, "జైలు చేసొచ్చినావు గదా, ఇంగేంది" అని పంపించేశారు. అతనికి అది చాలలేదు. కళ్ళు మూస్తే మా అన్న పాకుతూ కనబడేవాడట. చచ్చినవాడు చర్చి మనిషి కదా, తప్పు చర్చిలో కట్టాలేమో అనుకున్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కొమ్ములకు పసుపు పూసిన పొట్టేలును తోలుకుని వచ్చాడు.

ఇది అయ్యగారే నాకు చెప్పారు, పన్ను ఊడిన సందులోంచి నవ్వుతూ.

"ఏమప్పా, ఇదేంది?"

"తప్పు సామీ. మీ గుడి మనిషిని కొట్టినా గదా. నాలుగు పండ్లది, మంచి వయసుది, దాని నోరు తెరిచి చూసుకోండి."

"తోలుకోని పో. ఈడ తప్పు కట్టిచ్చుకోరు."

"తక్కువైతే చెప్పండి సామీ, ఇంగోటి తెస్తా."

"మందంతా తెచ్చినా అంతే. నీ తప్పు ముందే కట్టేసినారు."

"ఎవురు?"

అయ్యగారు లోపల గోడ మీదున్న సిలువ వైపు చెయ్యి చూపించారు. "ఆయప్ప. పానం పెట్టి కట్టినాడు."

సుంకన్నకు కోపం వచ్చింది. "నాకు సంబంధం లేని మనిషి నా తప్పు కట్టేదేంది? నేనేమన్నా గతిలేనోన్నా?"

"గతిలేనోనివే సుంకన్నా. నేనూ గతిలేనోన్నే. గతి ఉంటే ఈ గుడితో మనకు పనేముండాది?"

మా దిక్కు మనిషిని ఎన్ని బూతులైనా తిట్టవచ్చు. గతిలేనివాడు అంటే మాత్రం ఊరుకోడు. సుంకన్న పిడికిలి బిగించి మూతి మీద గుద్దాడు. అయ్యగారు మెట్ల మీదినుంచి వెల్లకిలా పడ్డారు. పన్ను ఊడి అరచేతిలోకి వచ్చింది. కళ్ళద్దాలు తడుముకుని పెట్టుకుని, రక్తం ఉమ్మి, లేచి కూర్చుని, "దీనికి గూడా తప్పు తేవద్దులే" అన్నారు.

పొట్టేలును వదిలేసి పోయాడు. అయ్యగారు అతని ఇంటిదాకా తోలుకుపోయి కట్టేసి వచ్చారు. మరుసటి వారం మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ తోలారు. మూడోసారి సుంకన్న పొట్టేలు మెడ పట్టుకుని మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. ఆ వారం నుంచి చెప్పులు విడిచేచోట కూర్చుని ప్రసంగం వినడం మొదలుపెట్టాడు. ఏడాదికి బాప్తిస్మం అడిగాడు. అయ్యగారు ఇచ్చారు. ఆ రోజు నుంచి మా వదిన చర్చి గడప తొక్కలేదు.

అప్పటికి డోన్‌లో అంగడి బాగా నడుస్తోంది, నేను చర్చికి పెద్ద దాతను. ఫ్యాన్లు నావి, చాపలు నావి, ఇనుప గేటు నాది. గేటు మీద అన్న పేరు వెల్డింగ్ చేయించాను. నేరుగా అయ్యగారి ఇంటికి పోయి అడిగాను.

"మా యన్న పేరుండే గేట్లోంచి వాడు లోపలికొస్తాడా?"

"గేటు నీదప్పా. గుడి నీది కాదు."

"నేనింత చేసినా. వాడేం చేసినాడు? మనిషిని నరికినాడు. ఇద్దరికీ ప్రభువు బల్ల కాడ ఒకటే రొట్టెనా?"

"ఒకటే రొట్టె."

"అయితే నేను చేసినేదానికి విలువేంది?"

"ఫ్యాను కింద కూర్చున్నోల్లకు గాలొస్తాంది. శానా మంచి విలువ. దాన్ని చూపిచ్చి లోపలికి రానీమంటే మాత్రం, నువ్వూ సిలువ మీదుండే ఆయప్ప ముందర పొట్టేలు తోలుకొచ్చినట్టే."

ఆ మాట నాకు ఎక్కలేదు. ఒళ్ళు మండింది. క్రీస్తు శరీరమని మోకరించినవాళ్ళకు రొట్టె ఇచ్చే ఆదివారం అంగట్లోంచి కంప కొట్టే కొడవలి ఒకటి తీసుకున్నాను. సానపట్టినవాణ్ణి నేనే. తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకున్నాను. చాప మీద కూర్చుని మొదటి పాట పాడాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సుంకన్న అందరితో పాటు ముందుకు పోయి మోకరించి తల వంచాడు. నేను లేచి వరస వెనక నడిచాను. తువ్వాలు జారిపోయింది. కొడవలి ఎత్తాను.

ఎత్తినది మెడ మీద పడలేదు. అయ్యగారు రొట్టె పళ్ళెం వదిలేసి కుడిచెయ్యి అడ్డం పెట్టారు. ఉంగరపు వేలు, చిటికెన వేలు తెగి తెల్లగుడ్డ మీద రొట్టె ముక్కల మధ్య పడ్డాయి. గిన్నె ఒరిగి ద్రాక్షరసం కారింది. ఏది రసమో ఏది రక్తమో తెలియలేదు. సుంకన్న లేచి నా గొంతు పట్టుకున్నాడు. పాత బలం. నా తలను బండకేసి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. నాకు కళ్ళు తిరిగాయి. రక్తం చెవిలోకి కారుతుంటే అయ్యగారి అరుపు దూరం నుంచి వినబడింది.

"వదులు సుంకన్నా! వానికి కట్టినాయప్పే నీకూ కట్టింది, వదులు!"

వదిలేశాడు. వదిలి, గోడకు ఆనుకున్నాడు. అయ్యగారు తెగిన చేతిని గుడ్డలో చుట్టుకుని నేల మీద కూర్చుని, కేకలు పెడుతున్న ఆడవాళ్ళతో, "ఏడుపాపి రొట్టె ఏరండమ్మా, తొక్కుతారు" అన్నారు.

ఎస్సై వచ్చాడు. "ఎవురు నరికినారు అయ్యగారూ?"

"తెలుసు సార్. చెప్పను."

"ఇట్లయితే ఈ ఊర్లు బాగుపడతాయా?"

"ఇన్నేండ్లు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటానే ఉండాం గదా. బాగుపడినాయా?"

సంఘంలో ఎవరూ నోరు తెరవలేదు. నేను ఇంటికి పోయాను. వదిన నా బట్టల మీద రక్తం చూసి, "వానిదేనా?" అంది. అయ్యగారిది అని చెప్పాను. రెండు రోజులు నాకు అన్నం పెట్టలేదు.

తర్వాత నేను చేసిన పని ఏ వ్యాపారైనా చేసేదే. అయ్యగారి ఇల్లు కారుతుందని ఒక లారీ సిమెంటు, ఇనుము తోలించాను. నేనే ఎదురు నిలబడి దించబోయాను. ఆయన కట్టు కట్టిన చేతిని మెడకు తగిలించుకుని బయటికి వచ్చారు.

"లారీ తిప్పు."

"మీ వేళ్ళు తెగ్గొట్టినా అయ్యగారూ. ఏదో ఒకటి చెయ్యనీండి. సచ్చిపోతాండా లోపల."

"సుంకన్న పొట్టేలు తోలుకొచ్చె, నువ్వు సిమెంటు తోలుకొచ్చినావు. ఇద్దరూ ఒక బడిలోనే చదివినారా యేమప్పా?"

నిజం చెబుతున్నాను, నా చెయ్యి లేచింది. ఆయన ఎందుకైనా మంచిదని కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. అది చూసి నా చెయ్యి దానంతట అదే దిగిపోయింది. సుంకన్న ఎందుకు గుద్దాడో నాకప్పుడు అర్థమైంది. అన్నీ పెట్టగలిగిన మనిషికి మన్నింపును ఊరికే తీసుకో అంటే తిట్టినట్టే ఉంటుంది. బజారులో ఊరికే ఇచ్చే సరుకంటే ఏదో లోపం ఉంటుందని మేమంటాం. ఈ సరుకులో లోపం లేదు. దాన్ని తీసుకోలేని చేతిలోనే ఉంది.

ఏడాది పాటు చర్చికి పోలేదు. కొడవళ్ళు అమ్మడం మానేశాను. నలభై రోజులు ఒంటిపూట తిన్నాను. ఏదీ తగ్గలేదు. ఒక ఎండపూట అయ్యగారు బస్సు దిగి గొడుగు వేసుకుని అంగడికి వచ్చారు.

"కొడవలి ఉండాదా?"

"అమ్మేది మానేసినా అయ్యగారూ."

"నువ్వు మానేస్తే దేవునికొచ్చేదేంది? పాపం రైతులు నంద్యాల దాకా పోతాండారు. లోపల పాతయి ఉంటాయి, తియ్యి. సమాధుల దొడ్లో కంప పెరిగింది."

తీసి ఇచ్చాను. ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలితో అంచు చూసి, "పదునుండాది" అన్నారు. ఇద్దరం ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు ఆయనే నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. గల్లాపెట్టె మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చుని, గిరాకీ వస్తే "కొంచేపాగి రాప్పా" అని పంపించేస్తూ ఉండిపోయారు. పోయేటప్పుడు ఒకటే మాట అన్నారు. "ఆదివారం రా. ఏమీ తేవద్దు."

పోయాను. మోకరించాను. పక్కన ఎవరున్నారో చూడలేదు, తెలుసు. మూడు వేళ్ళ మధ్యనుంచి రొట్టె నా అరచేతిలోకి దిగింది. తిన్నాను. అంతకంటే రాయలేను.

ఇక ఆయన వద్దన్న జాబితా సంగతి. పోయిన నెల కర్నూలు ఆసుపత్రిలో ఆయన్ను చూడ్డానికి పోయాను. ఊపిరి అందక ఒక్కో మాట ఏరుకుని మాట్లాడుతున్నారు. అందరినీ బయటికి పంపి నన్ను దగ్గరికి పిలిచారు.

"నేను పోతే నేను మంచోన్నని రాయద్దప్పా."

"మీరు కాకుంటే ఇంగెవురు అయ్యగారూ?"

"నీకు తెల్దు. వేళ్ళు పోయినాంక మూడు నెల్లు నిన్ను శపిచ్చినా. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే నీ పేరెత్తి తిట్టినా. ప్రార్థనలో నీ పేరొస్తే పండ్లు కొరికేవాన్ని. నీ సిమెంటు లారీ తిప్పి పంపిచ్చింది గూడా సగం కోపంతోనే."

"మిగతా సగం?"

"మిగతా సగం నిజమే." దగ్గుతూ నవ్వారు. "నేను చేసినేది చూపిచ్చి ఆడికి పోలేను. పొట్టేలు లేకుండా పోతాండా. భయమేం లేదు. అదొకటే రాయి."

రాశాను అయ్యగారూ.

శుక్రవారం పొద్దున్నే సమాధి తవ్వడం మొదలుపెట్టాం. మా ఊరి నేల మీకు తెలిసిందే, జానెడు మన్ను తీస్తే పలుగుకు ఒకపట్టాన లొంగని బండ. మాకంటే పెద్దవయసు వాళ్ళను వద్దని నేనూ సుంకన్నా వంతులేసుకుని కొట్టాం. ఎండెక్కేసరికి గొయ్యి నడుము లోతు వచ్చింది. అతను లోపల వంగి రాళ్ళు ఏరుతున్నాడు, నేను గడ్డపార పట్టుకుని పైన నిలబడ్డాను. అతని వీపు నా కాళ్ళ దగ్గరే ఉంది. మనసులో ఏమీ రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది, ఒక్క క్షణం నిలబడింది, పోయింది. అతను తలెత్తి, "చెయ్యియ్యప్పా, ఎక్కలేకపోతాండా" అన్నాడు. గడ్డపార పక్కన పడేసి చెయ్యి ఇచ్చి లాగాను.

అప్పుడు చూశాం, వదిన వచ్చి ఉంది. చంకలో బిందె, చేతిలో స్టీలు గ్లాసు. ముందు నాకు పోసింది, తాగాను. గ్లాసు మళ్ళీ నింపి సుంకన్న ముందు పట్టుకుంది. అతను చెయ్యి చాచలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"పట్టుకో" అంది వదిన.

"వద్దులేమ్మా. నేను..."

"నిన్ను మన్నించినా అని ఎవురన్నారు? నోరెండిపోయిండాది నీకు. తాగు, నాకు చెయ్యి నొస్తాంది."

రక్కుకుపోయిన చేతులు ముందుకు వచ్చాయి. గ్లాసు అందుకుని తల పైకెత్తి గటగట తాగాడు. సగం నీళ్ళు గడ్డం మీదినుంచి కారి ఛాతీ మీది ఎర్రదుమ్ములో చారలు కట్టాయి. వదిన అతని ముఖం వైపే చూస్తూ నిలబడింది.

"ఇంగా కావల్నా?" అంది.

అతను ఖాళీ గ్లాసు ముందుకు చాచాడు. వదిన బిందె వంచింది.